మహారాజశ్రీ సింగిల్ రైడర్ వరుస గారికి

మహారాజశ్రీ సింగిల్ రైడర్ వరుస గారి దివ్యసముఖానికి, భర్తతో కలిసి మీ గుమ్మంలో అడుగుపెట్టి ఒంటరిగా వెనుదిరిగిన ఒక ఇల్లాలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, నిన్న మధ్యాహ్నం ఆ ఉభయులలో ఒకరు ఎక్కడున్నారో రెండోవారికి చాలాసేపు తెలియలేదు కనుక ఆ మాటను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

థీమ్ పార్కుల్లో రైడ్ ఒంటరిగా ఎక్కడానికి సిద్ధపడేవారి కోసం, మిగిలిపోయిన ఒక్కో సీటు నింపడానికి పెట్టిన విడి క్యూ కదా తమరు, మిమ్మల్ని ఆశ్రయించమని మాకు చెప్పనివారు లేరు. పిల్లలు వెంట లేకుండా పెద్దవాళ్లిద్దరే థీమ్ పార్కుకు, అందునా ఎక్కువ రోజులకు బయలుదేరుతున్నారని తెలియగానే ప్రతివారూ ముందు కాస్త జాలిపడతారు. "అన్ని రోజులు అక్కడ ఇద్దరూ ఏం చేస్తారు?" అని అడుగుతారు. జవాబు కోసం ఆగకుండా, మంత్రోపదేశం చేస్తున్నంత గంభీరంగా గొంతు తగ్గించి మీ పేరు చెబుతారు. పక్కన కూర్చోబెట్టుకోవలసిన పిల్లలు లేరు కదా, విడివిడిగా ఎక్కితే నష్టమేమిటి, గంట నిలబడవలసిన చోట పావుగంటలో పని అయిపోతుంది అన్నది వారి వాదన. పని అయిపోవడమట! మేము సెలవు పెట్టి, సామాను సర్దుకుని, అంత దూరం వచ్చింది పని ముగించుకుని పోవడానికే అన్నట్టు.

ఇక్కడ తమరికి ఒక లెక్క విన్నవించుకోవాలి. పెద్ద పార్కులు అమ్మే టికెట్లలో సాధారణంగా రోజులు పెరిగేకొద్దీ రోజుకు పడే ధర తగ్గుతూ పోతుంది. ఎలాగూ వెళ్తున్నాం, ఇంకొక రోజు కలుపుకుందాం, ఇంకొకటీ కలుపుకుందాం అనుకుంటూ బేరానికి ఆశపడి కొంటాం. తీరా వెళ్లాక, ఎక్కాలనుకున్నవన్నీ మొదటి రోజుల్లోనే ఎక్కేసి, మిగిలిన రోజులు ఎలా గడపాలా అని హోటల్ గది కిటికీ ముందు నిలబడతాం. అంటే మా దగ్గర దండిగా ఉన్నది కాలమే. ఇంటి దగ్గర ఉద్యోగాల మధ్య మాకు దొరకనిది, ఒకరి పక్కన ఒకరు తీరుబడిగా ఉండడం. తమరు చేసే మహోపకారం ఏమిటయ్యా అంటే, మాకు కొరత లేని ఆ ఒక్క కాలాన్నీ ఆదా చేసిపెట్టి, దానికి బదులుగా మేము దేనికోసం వచ్చామో దాన్ని పుచ్చుకోవడం. ఇంత తలకిందుల బేరాన్ని మాకు లాభం అని నమ్మించగలిగారు చూడండి, ఆ చాకచక్యానికి మాత్రం జోహార్లు.

నిన్న ఏం జరిగిందో తమరికి తెలియదనుకోను, కానీ తమరి వైపు నుంచి చూస్తే అది మామూలు మధ్యాహ్నమే అయి ఉంటుంది. రోలర్ కోస్టర్‌లోకి వస్తువులేవీ తీసుకెళ్లకూడదు కనుక మా ఇద్దరి ఫోన్లూ, నా చేతిసంచీ, నీళ్ల సీసా ఒకే లాకర్‌లో పెట్టాం. ఆ లాకరు మా వారి టికెట్టుకు మాత్రమే తెరుచుకుంటుంది. మామూలు క్యూలో వెళ్లేవారికి కథ చెప్పే బొమ్మల గదులూ, రంగు దీపాలూ ఉంటాయి. తమరి దారిలో బూడిదరంగు గోడలూ, నిప్పునార్పే పరికరమూ తప్ప చూడడానికేమీ లేవు. అయినా ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూనే వెళ్లాం. చివరికి ప్లాట్‌ఫామ్ దగ్గర నిలబడిన ఉద్యోగిని ఒక వేలు చూపించింది. నా పక్కనున్న మనిషి నావైపు ఒకసారి చూసి, మాట కూడా పూర్తిచేయకుండా వెళ్లిపోయారు. తల్లీ, తండ్రీ, ఒక పిల్లవాడూ కూర్చున్న వరుసలో నాలుగో సీటు ఆయనకు దక్కింది. కడ్డీ దిగింది, రైలు కదిలింది.

తర్వాతి పిలుపు నాదే అనుకున్నాను. తర్వాతి రైలుకు వచ్చినవారందరూ నలుగురూ, ఇద్దరూ, ఇద్దరూ, నలుగురూ. ఒక్క సీటు మిగల్లేదు. అది కదిలేలోపే ఎక్కడో ఉరిమింది, మెరుపుల భయంతో రైడ్ ఆపేశారు. బిక్కుబిక్కుమంటూ ఆ నడవాలో ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను, ఎందుకంటే గడియారం కూడా ఆ లాకర్‌లోని ఫోన్‌లోనే ఉంది. నా వెనకనున్న కుర్రవాడు, పాపం మంచివాడే, "ఒక్కరే వచ్చారా, మేడమ్?" అని అడిగాడు. కాదు, మా వారితో వచ్చానన్నాను. అతను నా ముందూ వెనకా చూసి, ఇంకేమీ అడగలేదు.

చివరికి అందరినీ వచ్చిన దారినే బయటికి పంపారు. మా వారు రైడ్ దిగిన చోట దుకాణంలో నాకోసం చూస్తుంటారని నేను అటు వెళ్లాను. నేను వచ్చిన దారినే బయటికి వస్తానని ఆయన ఇటు వచ్చారు. దుకాణంలో మనిషి లేరు గానీ ఆయన ఫోటో ఉంది. రైడ్ ఆగిపోయింది కనుక ఫోటోలు చూపించే తెర మీద ఆ చివరి రైలే ఇంకా నిలిచి ఉంది. అందులో మా వారు రెండు చేతులూ పైకెత్తి, నోరారా నవ్వుతూ, ఆ ముగ్గురితో కలిసి ముచ్చటైన కుటుంబంలా ఉన్నారు. నేను చూస్తుండగానే ఆ తల్లి దాన్ని ఫ్రేముతో సహా కొనుక్కుంది. ఎవరి ఇంటి గోడకో ఈపాటికి మా ఆయన వేలాడుతూ ఉంటారు. మేమిద్దరం పక్కపక్కన ఉన్న రైడ్ ఫోటో ఈ ప్రయాణం మొత్తంలో ఒక్కటి కూడా లేదు. తీరా లాకర్ల దగ్గరికి వెళ్లి చూస్తే, ఆయన కుడిచేత్తో తన ఫోన్ చెవికి ఆనించుకుని నాకు ఫోన్ చేస్తున్నారు. నా ఫోన్ ఆయన ఎడమచేతిలోనే మోగుతోంది.

ఇంత జరిగాక కూడా మర్యాదగా మాట్లాడడం నావల్ల కాదు. అసలు నువ్వు ఎందుకు పుట్టావో నాకు తెలియదనుకున్నావా? మా సౌకర్యం కోసం కాదు. ఒక వరుసలో నలుగురు కూర్చోవాలి, ముగ్గురే వస్తారు. ఇద్దరు కూర్చునే చోటికి ఐదుగురు వస్తే ఒకటి ఖాళీ పోతుంది. అలా ఖాళీ సీటుతో రైలు వెళ్లడం పార్కుకు నష్టం కనుక, రాతిగోడ కట్టేటప్పుడు పెద్దరాళ్ల సందుల్లో కూరే చిన్నరాళ్లలా మమ్మల్ని అందులో కూరుతున్నావు. ఆ పని చేస్తున్నందుకు మాకు కూలి ఇవ్వకపోగా, ఇదేదో తెలివైనవారికి మాత్రమే తెలిసిన దొడ్డిదారి అన్న గర్వం ఒకటి అంటగట్టావు. పైగా నీ వేగం కూడా బేసి సంఖ్యల దయ. జంటలు ఎక్కువగా వచ్చిన రోజున రైళ్లు సరిగ్గా నిండిపోతాయి, నువ్వు కదలవు. అంటే లోకంలో దంపతులందరూ బుద్ధిగా కలిసి క్యూలో నిలబడితే, విడిపోయి నీ దగ్గరికి వచ్చిన దంపతులు అక్కడే పడి ఉంటారు. శిక్ష సరిపోయింది గానీ, ఆ సంగతి గుమ్మం దగ్గర బోర్డు మీద రాయవచ్చు కదా. ఎంతసేపు పడుతుందో చెప్పే అంకె మామూలు క్యూకు ఉంటుంది, నీకు చాలాచోట్ల అదీ ఉండదు.

నీకు వంశగౌరవం కూడా లేదు. కోపెన్‌హేగెన్‌లో 1843లో టివోలీ అనే వినోదాల పార్కు తెరిచినప్పుడు అది పెద్దవాళ్లు సంగీతం వింటూ, దీపాల కింద నడవడానికి వచ్చే తోట. న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో జార్జ్ టిల్యూ 1897లో స్టీపుల్‌చేజ్ పార్కు తెరిచి, పట్టాల మీద పరుగెత్తే యంత్రపు గుర్రాలు పెట్టాడు. ఒక్కొక్క గుర్రం మీద ఇద్దరు కూర్చోవచ్చు. బహిరంగంగా చేయి పట్టుకోవడమే తప్పనుకునే కాలంలో, పడిపోతామన్న నెపంతో పట్టుకోవచ్చునన్నదే ఆ గుర్రానికి గిరాకీ. పెన్సిల్వేనియాలోని కెన్నీవుడ్ పార్కులో 1901 నాటి ఓల్డ్ మిల్ ఇప్పటికీ నడుస్తోంది: చీకటి సొరంగంలో నెమ్మదిగా సాగే పడవ, అంతే. ఆ రోజుల్లో అటువంటి రైడ్లకు ప్రేమ సొరంగాలని పేరు. మీ పూర్వులు జంటల్ని ఒకే సీటులోకి నెట్టి డబ్బు చేసుకున్నారు. నువ్వు అదే జంటల్ని చెరొక సీటులోకి నెట్టి డబ్బు చేసుకుంటున్నావు. వావివరసలు ఎరగని వరుసవి నువ్వు.

పిల్లలున్న దంపతుల సంగతి వేరు. ఒకరు పసివాడితో బయట కూర్చుంటే మరొకరు ఎక్కి వచ్చి, తర్వాత రెండోవారు మళ్లీ క్యూ నిలబడకుండా ఎక్కే ఏర్పాటు చాలా పార్కుల్లో ఉంది. అక్కడ విడిపోవడానికి ఒక కారణం ఉంది, ఆ కారణం ఒళ్లో కూర్చుని ఏడుస్తూ ఉంటుంది కూడా. మాకేం కారణం? మంచి మొగుడూ పెళ్లాలం ఒంటికాయ శొంఠికొమ్ముల్లా తిరగడానికి?

నీ తోటివారిని నేను అంతగా తప్పుపట్టను. అమెరికాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో భోజనం బల్లను 60 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. రెండు నెలల తర్వాత ఒక బుధవారం సాయంత్రం తమకు ఏం తినాలనిపిస్తుందో తెలిసినవారు భూమ్మీద ఎవరున్నారో గానీ, కనీసం ఆ బల్ల దగ్గర రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉంటాయి. ఫోన్‌లోని పార్కు యాప్ పొద్దున్న లేవకముందే మోగి రోజంతా అజమాయిషీ చేస్తుంది, సాయంత్రానికి దాని బ్యాటరీ అయిపోతుంది కనుక క్షమించాను.

నీ దయవల్ల మిగిలిన కాలం ఏమైందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆదా చేశానని నువ్వు చాటుకునేది దాన్నే కదా. ఒక రైడ్ దగ్గర మిగిలిన ముప్పావుగంటను ఇంకో రైడ్ దగ్గర నీ శాఖలోనే ఖర్చుపెట్టాం. అక్కడ మిగిలినదాన్ని మరొకచోట. ఇలా మధ్యాహ్నానికల్లా పార్కు మొత్తం అయిపోయి, బెంచీ మీద ఇద్దరం ఎదురుగా పోయే ఊరేగింపు చూస్తూ, నీ రైడ్‌లో ఏం జరిగింది, నా రైడ్‌లో ఏం జరిగింది అని ఆఫీసు నుంచి ఇంటికొచ్చినవాళ్లలా ఒకరికొకరు చెప్పుకున్నాం. ఒక అంతరిక్షనౌక రైడ్‌లో ఆరుగురికి ఉద్యోగాలు పంచుతారు: ఇద్దరు నడపాలి, ఇద్దరు కాల్పులు జరపాలి, ఇద్దరు వెనక కూర్చుని మరమ్మతులు చేయాలి. నీ గుండా వచ్చినవారికి దక్కేది ఎక్కువగా ఆ వెనక సీటే. మా వారు ఒక నౌకలోనూ నేను ఇంకొక నౌకలోనూ, ఎవరో పిల్లలు ఎడాపెడా గుద్దుతున్న వాహనాలకు మరమ్మతులు చేసి దిగాం. సెలవుల్లో కూడా వేర్వేరు ఆఫీసుల్లో పనిచేశామన్నమాట.

అసలు ఎక్కువ రోజులు గడపడం పెద్దవాళ్లకు కష్టమేమీ కాదు, నీ సలహా వినకపోతే. ఆ డిస్నీ వరల్డ్‌లోని ఎప్‌కాట్ పార్కునే తీసుకో. 1982లో తెరిచిన ఆ పార్కులో సగభాగం ఒక సరస్సు చుట్టూ 11 దేశాల పేరిట కట్టిన వీధులూ మండపాలే. చుట్టూ తిరిగితే సుమారు 2 కిలోమీటర్లు. పిల్లలున్నవారు పరుగున దాటిపోయే ఆ దారి మీద, ఒక దేశంలో కూర్చుని, ఇంకొక దేశంలో ఏదో తిని, మూడో దేశంలో పాట విని, ఒక్క రైడ్ కూడా ఎక్కకుండా పొద్దు గుంకేదాకా ఉండవచ్చు. 2001లో మొదలైన టోక్యో డిస్నీసీలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కాలువలో గొండోలా అనే పడవ ఎక్కవచ్చు. ఎండవేళ గదికి వెళ్లి నిద్రపోయి, పసిపిల్లల తల్లిదండ్రులు ఉసూరుమంటూ తిరిగిపోయే వేళకు మళ్లీ రావచ్చు. టికెట్టు లేకుండా చూడనిచ్చే హోటళ్ల తోటలు ఉంటాయి, రాత్రిదాకా తెరిచి ఉండే మినీ గోల్ఫ్ ఉంటుంది, యంత్రాలు ఎలా నడుస్తాయో తెరవెనక చూపించే పర్యటనలు ఉంటాయి. వీటిలో దేనికీ మనిషిని ఒక వేలితో పిలిచి విడదీసే ఉద్యోగిని అక్కరలేదు. నచ్చిన రైడ్‌ను రెండోసారి, మూడోసారి ఎక్కవచ్చు, గంట పట్టినా సరే. ఆ గంట మాదే. గుడ్డిదీపాల కింద ముందుకు రెండడుగులు వేస్తూ, ఆగుతూ, ముందున్నవారి టోపీ గురించీ, ఇంటికి వెళ్లాక వేయించాల్సిన రంగుల గురించీ, పదేళ్లుగా ఎప్పుడూ ఎత్తని విషయం గురించీ మాట్లాడుకునే చోటు ఇంకెక్కడుంది? మాట మధ్యలో లేచి వెళ్లిపోవడానికి అక్కడ వీలుండదు, క్యూలో చోటు పోతుంది.

కనుక ఈ రోజు నుంచి మిగిలిన సెలవంతా మేము మామూలు క్యూలోనే నిలబడాలని తీర్మానించుకున్నాం. బోర్డు మీద ఎంత రాసి ఉంటే అంత. మా వారు మొదట గొణిగారు, తర్వాత ఆ ఫ్రేము కట్టిన ఫోటో సంగతి గుర్తుచేస్తే ఊరుకున్నారు.

అయితే ఒక్క మినహాయింపు ఉంది, అది తమరి దయతోనే జరగాలి. ఈ పార్కులో అన్నిటికన్నా ఎత్తయిన కోస్టర్ ఒకటి ఉందని తమరికి తెలుసు. పైకి ఎక్కుతున్నంతసేపూ మా వారు ఎత్తెంతో, వేగమెంతో, చక్రాలు పట్టాలను ఎన్ని వైపుల నుంచి పట్టుకుంటాయో, కిందటిసారి ఎక్కడ ఎందుకు ఆగిపోయిందో గుక్క తిప్పుకోకుండా చెబుతారు. శిఖరం మీదికి చేరాక నా మణికట్టు పట్టుకుంటారు, ఆ వేలిగుర్తులు మర్నాటిదాకా ఉంటాయి. అది ఎక్కడానికి రేపు పొద్దున మళ్లీ తమరి గుమ్మంలోకే వస్తున్నాం. మహాప్రభో, అక్కడ మాత్రం మమ్మల్ని తప్పకుండా విడదీయండి. వీలైతే ఆయనను ముందు రైలులో పంపించండి. ఈసారి లాకరు నా టికెట్టుతో తీస్తున్నాను.

ఇట్లు,
నాలుగో సీటులో కూర్చున్నాయన భార్య