వణుకుతున్న కారుకు అలైన్‌మెంట్ మందు కాదు

సంక్రాంతి ప్రయాణాలు అయినప్పటి నుంచి మా అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "చలికాలం తిరిగాక కారు 80 దాటితే వణకడం మామూలే. మంచు దేశాల్లోనూ ఇంతే, కొన్నాళ్లకు అదే పోతుంది. పోకపోతే అలైన్‌మెంట్ చేయించి, గాలి నాలుగైదు పాయింట్లు తగ్గించి, నైట్రోజన్ పట్టించండి. 100 దాటాక వణుకు ఆగితే బండిలో ఏ లోపమూ లేనట్టే." నాకే మూడు వైపుల నుంచి వచ్చింది. పిల్లాజెల్లాతో 44వ హైవే ఎక్కేవాళ్లు దీన్ని నమ్మితే ప్రమాదం, అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

మంచు దేశాల మాట నిజమే. అక్కడ మంచు రిమ్ము లోపలి వైపు పేరుకుని చక్రం బరువు ఒక పక్కకు ఒరుగుతుంది. అది కరిగి రాలిపోతే వణుకూ పోతుంది. మన దగ్గర ఆ పని చేసేది నల్లరేగడి, అది కరగదు. మొన్న డిసెంబరు ముసురులో మా బావ శనగచేను చూసుకోవడానికి విడపనకల్లు వైపు వెళ్లొచ్చాడు. కారు కడిగించాడు, పైకి తళతళలాడుతోంది. వారం తర్వాత బెంగళూరు పోతూ రాప్తాడు దాటి 85 అందుకునేసరికి స్టీరింగ్ గజగజ వణికింది. మెసేజ్ చూసి అలైన్‌మెంట్ చేయించాడు. డబ్బులు పోయాయి గానీ వణుకు పోలేదు. చివరికి ఇంటి ముందు జాకీ వేసి ఎడమ ముందు చక్రం విప్పాం. రిమ్ము లోపల అరచేయంత రేగడి పెళ్ల, ఎండి రాయిలా అయింది. స్క్రూడ్రైవరుతో పెళ్లగించి వంటింటి తక్కెడ మీద పెడితే 60 గ్రాములు!

ఇంతోటి మట్టికే అంత వణుకా అంటారేమో. 100 వేగంలో మామూలు కారు చక్రం సెకనుకు 14, 15 సార్లు తిరుగుతుంది. ఆ లెక్కన 60 గ్రాములు చక్రాన్ని ఎనిమిది, తొమ్మిది కిలోల బలంతో బయటికి గుంజుతాయి, అదీ చక్రంతో పాటే అన్ని వైపులకూ తిరుగుతూ. వేగం రెట్టింపైతే ఈ గుంజుడు నాలుగింతలవుతుంది. ఊళ్లో 40లో తిరిగేటప్పుడు ఏమీ తెలియనిది అందుకే.

అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ కోణంలో నిలబడ్డాయో సరిచేయడం. అది తప్పితే కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. అలా అరిగిన టైరు తర్వాత వణుకు తెప్పించవచ్చు, కానీ అప్పుడు అలైన్‌మెంట్ ఒక్కటే చేయిస్తే అరిగిన టైరు గుండ్రంగా మారదు. వణుకుకు మొదట చేయించాల్సింది చక్రాలు కడిగించి బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా సరిచేయడం. రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. షాపులో ఏది కావాలో పేరు పెట్టి అడగండి.

గాలి తగ్గించమనడం వీటన్నిటిలోకి చెడ్డ సలహా. చలి పొద్దున టైరులో గాలి ఎలాగూ రెండు, మూడు పాయింట్లు పడిపోయి ఉంటుంది. ఇంకో ఐదు తీసేస్తే టైరు పక్కగోడలు నలిగి నలిగి వేడెక్కుతాయి, హైవే మీద పేలేది అలాంటి టైర్లే. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంత రాసుంటే అంతే, టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. నైట్రోజన్‌తో నష్టం లేదు, కానీ మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది. వణుకుకూ దానికీ సంబంధం లేదు.

ఇక 100 దాటాక వణుకు ఆగితే లోపం లేనట్టేనని మెసేజ్ చెప్పడం తప్పు. ఉయ్యాలను దాని ఊపుకు సరిగ్గా కలిసేలా తోస్తేనే ఎత్తుకు లేస్తుంది. చక్రం కుదుపు కూడా సస్పెన్షన్ (చక్రాలను బండికి కలిపే స్ప్రింగుల ఏర్పాటు) ఊపుతో కలిసిన వేగంలోనే బాగా తెలుస్తుంది, అది దాటితే మన చేతికి తెలియదు. లోపం చక్రంలోనే ఉంటుంది, ఆ దెబ్బలు బేరింగులు, స్టీరింగ్ జాయింట్లు తింటూనే ఉంటాయి. పైగా నాలుగు లైన్ల హైవే మీద కార్లకు పరిమితే 100. పరీక్ష కోసం అది దాటించమని చెప్పడం ఏం సలహా?

బండి తానే కొన్ని ఆనవాళ్లు ఇస్తుంది. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు కింద వణికితే ఎక్కువగా వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూపించండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చి, వదిలితే పోతుంటే ఇంజిన్ బలాన్ని చక్రాలకు చేర్చే యాక్సిల్ జాయింట్ మీద అనుమానం పెట్టుకోండి. ఖాళీ రోడ్డు మీద క్లచ్ తొక్కి పట్టి, యాక్సిలరేటర్ వదిలేసినా అదే వేగంలో వణుకుతుంటే ఇంజిన్‌ను అనుమానించక్కర్లేదు, చక్రాల సంగతి చూడండి. వారాల తరబడి కదలని కారైతే టైరు నేలకు ఆనిన చోట చదునుబడి ఉండొచ్చు, పది, పదిహేను కిలోమీటర్లు తిరిగి వేడెక్కాక చాలావరకు సర్దుకుంటుంది.

బ్యాలెన్సింగ్ మిషను సున్నా చూపించాక కూడా వణుకు ఉంటే గుంతలో పడి రిమ్ము వంగిందేమో, టైరు ఉబ్బిందేమో చూడాలి. కారు ఎత్తించి చక్రం చేత్తో తిప్పుతూ అంచు పక్కన ఒక పుల్ల కదలకుండా పట్టుకుంటే వంకర కంటికే కనిపిస్తుంది. టైరు పక్కగోడ మీద చేయి పెట్టి చుట్టూ నిమరండి. ఎక్కడైనా నిమ్మకాయంత బొడిపె తగిలితే లోపలి దారాలు తెగినట్టే. దానికి పంక్చరు షాపులో మందు లేదు. ఆ టైరును స్టెప్నీగా కూడా ఉంచుకోవద్దు.