గని కొన్నారు సరే, దారి ఏది?

ఆఫ్రికాలో మొజాంబిక్‌లోని టెటె ప్రాంతపు బొగ్గు గనుల కోసం గనుల దిగ్గజ కంపెనీ రియో టింటో 2011లో దాదాపు 370 కోట్ల డాలర్లు పోసింది. మూడేళ్లకే వాటిని 5 కోట్ల డాలర్లకు వదిలించుకుంది. అడ్డికి పావుశేరుగా వస్తున్నాయని 2014లో కొన్నది మనవాళ్లే. కొన్నది ఐసీవీఎల్, అంటే విదేశాల్లో బొగ్గు గనులు కొనేందుకు ప్రభుత్వ సంస్థలు కలిసి పెట్టుకున్న కంపెనీ. అందులో మాసబ్‌ట్యాంక్‌లోని ఇనుప ఖనిజ సంస్థ ఎన్‌ఎండీసీకీ, సొంత ఇనుప గని లేని విశాఖ ఉక్కుకూ వాటాలున్నాయి. విదేశాల్లో లిథియం, రాగి గనుల వేటకు కేంద్రం మళ్లీ సంచి మూతి విప్పుతున్న వేళ, రియో అంత అగ్గువకు తెగనమ్ముకోవడానికి కారణమేమిటో గుర్తుచేసుకోవాలి.

బొగ్గు ఉంది, సముద్రానికి చేరే దారి లేదు. జాంబెజీ నదిలో పడవల మీద దించుకుపోదామని రియో లెక్క వేసుకుంది. నదికి హాని అంటూ అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇక మిగిలింది బెయిరా రేవుకు పోయే సేనా రైలు మార్గం. దాదాపు 600 కిలోమీటర్ల ఆ పాత లైను మీదే బ్రెజిల్ కంపెనీ వాలే బొగ్గూ వెళ్లాలి. పైగా ఉక్కుకు పనికొచ్చే కోకింగ్ బొగ్గు అనుకున్నంత లేదని తవ్వాక తేలింది. 2013 జనవరిలో రియో సుమారు 300 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేసుకుంది, సీఈవో టామ్ ఆల్బనీజ్ తప్పుకున్నారు. (ఆయనే మరుసటి ఏడాది వేదాంత పగ్గాలు పట్టారు. గనుల లోకంలో పెద్దలకు ఉద్యోగాల కరువు ఉండదు.) చవకగా కొన్న ఐసీవీఎల్‌కూ ఆ 600 కిలోమీటర్లు తగ్గలేదు. బొగ్గు ధర పడిపోగానే అదీ కొంతకాలం తవ్వకం ఆపుకోవాల్సి వచ్చింది. నీళ్లలో బర్రెను చూసి బేరమాడితే ఇంతే.

ఇది ఆఫ్రికాకే పరిమితమైన తంటా కాదు. హైదరాబాద్ కంపెనీ జీవీకే 2011లోనే ఆస్ట్రేలియాలో హాంకాక్ బొగ్గు నిక్షేపాలను 126 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. రేవుకు దాదాపు 500 కిలోమీటర్ల రైలు మార్గం వేయాలి. అది పడలేదు, అక్కడ వ్యాపార స్థాయిలో తవ్వకం మొదలే కాలేదు. ఈ సంగతి సింగరేణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. సత్తుపల్లి బొగ్గు లారీల మీద దుమ్ము రేపుకుంటూ ఊళ్ల మధ్య నుంచి పోతుంటే, భద్రాచలం రోడ్ నుంచి 54 కిలోమీటర్ల లైను వేయడానికి ఖర్చులో పెద్ద వాటా సింగరేణే భరించింది. కొత్తగూడెంలో పనిచేసినవాళ్లకు తెలిసిన లెక్క, దేశం దాటేసరికి కాగితాల్లో చివరి పేజీకి జారిపోతోంది.

అవకాశం లేదని మేం అనడం లేదు. లిథియం కోసం మనం పూర్తిగా దిగుమతుల మీదే బతుకుతున్నాం. కీలక ఖనిజాల జాతీయ మిషన్‌కు కేంద్రం 2025 జనవరిలో 16,300 కోట్ల రూపాయలు కేటాయించింది. అంతకు ఏడాది ముందే, విదేశీ ఖనిజాల కోసం ప్రభుత్వ సంస్థలు పెట్టిన కాబిల్ అర్జెంటీనాలోని కటమార్కా ప్రావిన్స్‌లో అయిదు లిథియం బ్లాకులు, 15,703 హెక్టార్లు, అన్వేషణకు తీసుకుంది. అంచనా పెట్టుబడి సుమారు 200 కోట్ల రూపాయలు. తప్పు పట్టాల్సిన మొత్తం కాదు. చిన్నగా మొదలుపెట్టి, తవ్విచూసి, ఆ తర్వాతే పెద్ద ముడుపు విప్పడం మంచి పద్ధతే. కానీ అక్కడ లిథియం రాతిలో దొరకదు. ఎడారి ఉప్పునేలల కింది ఉప్పునీటిని తోడి, మడుల్లో ఎండబెట్టి తీయాలి. ఊళ్లకు నీళ్లే లేని చోట ఇది ఎవరి నీళ్లు అన్న ప్రశ్న రాక మానదు. వచ్చింది కూడా: మన ఒప్పందం కుదిరిన రెండు నెలలకే లాస్ పాటోస్ నది పరిధిలో కొత్త అనుమతులను ఆ ప్రావిన్స్ కోర్టు ఆపేసింది. ధర సంగతి సరేసరి. చైనాలో 2022 చివర టన్ను లిథియం కార్బొనేట్ 6 లక్షల యువాన్ల దరిదాపుల్లో ఉండేది, ఏడాది తిరిగేసరికి లక్ష చుట్టూ వచ్చి కూర్చుంది.

నీళ్లూ పట్టాలూ అన్నీ కుదిరినా, ఒక్క కలం పోటు చాలు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో 3,960 మెగావాట్ల భారీ విద్యుత్ కేంద్రం కడతామని, యూనిట్ 2 రూపాయల 33 పైసలకు ఇస్తామని రిలయన్స్ పవర్ ఒప్పుకుంది. బొగ్గు ఇండొనేసియాది. ఎగుమతి బొగ్గును మార్కెట్ ధర కన్నా తక్కువకు అమ్మరాదని జకార్తా నిబంధన తేగానే 2011లో పనులు ఆగిపోయాయి. నెల్లూరు సముద్రతీరాన ఒక కేంద్రం నిలుస్తుందా లేదా అన్నది జకార్తాలో తేలింది. ఇలాంటిదే అయిన గుజరాత్ ముంద్రా విద్యుత్ కేంద్రాల కేసులో, పరాయి దేశపు చట్టం మారడం రేటు పెంచడానికి కారణం కాదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. విదేశీ రిస్కు కొన్నవాడిదే అని దాని అర్థం.

మరో వైపు నుంచి చూస్తే ఆ రిస్కు దేశం మనమే. చింతపల్లి బాక్సైట్‌ను (అల్యూమినియం ముడి ఖనిజం) నమ్ముకుని గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమా భాగస్వామ్యంతో మాకవరపాలెంలో అల్యూమినా ప్లాంటు కట్టారు. ప్లాంటు లేచింది, బాక్సైట్ రాలేదు. గిరిజనులు కొండ దిగనివ్వలేదు, 2016లో ప్రభుత్వమే ఒప్పందం రద్దు చేసింది, గల్ఫ్ పెట్టుబడిదారు ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయటి మధ్యవర్తి తీర్పుకు వెళ్లారు. షెడ్యూల్డ్ ప్రాంత భూముల్ని ప్రైవేటుకు లీజుకివ్వరాదన్న 1997 నాటి సమత తీర్పు తెలిసీ ఒప్పందం చేసుకోవడమే వింత. ఆ పెట్టుబడిదారు రిస్కు అని రాసుకున్నది చింతపల్లి గిరిజనుడికి హక్కు. కటమార్కాలోనూ అంతే. మనం ఇక్కడ గౌరవించమని అడిగేదాన్ని అక్కడ అడ్డంకి అనుకుంటే చెల్లదు.

ఇక పెట్టుబడికి దేశాల మధ్య ఒప్పందాలిచ్చే రక్షణ. కోల్ ఇండియాతో గొడవపడిన ఆస్ట్రేలియా కంపెనీ వైట్ ఇండస్ట్రీస్, మన కోర్టుల జాప్యం వల్ల నష్టపోయానంటూ 2011లో ఆర్బిట్రేషన్‌లో భారత్‌పై గెలిచింది. ఉడుక్కున్న ఢిల్లీ తర్వాత పాత పెట్టుబడి ఒప్పందాలను దాదాపు అన్నిటినీ తెంచుకుంది. అప్పుడు మనం పరాయి పెట్టుబడి తీసుకున్నవాళ్లం, ఇప్పుడు పరాయి దేశంలో పెట్టుబడి పెట్టేవాళ్లం. 2024లో అమల్లోకి వచ్చిన యూఏఈ ఒప్పందంలో, ఆర్బిట్రేషన్‌కు వెళ్లేముందు స్థానిక కోర్టుల్లో పోరాడాల్సిన గడువును అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. అదే చొరవ గనులున్న దేశాలతో చూపాలి, అదీ గని కొనకముందు.

ప్రభుత్వ సంస్థలు విదేశీ గనికి డబ్బు కట్టేముందు రవాణా ఖర్చు ఎంత, నీళ్లు ఎవరివి, ధర సగానికి పడితే ఏం చేస్తారు అన్నవాటికి సమాధానాలను పార్లమెంటు ముందుంచాలి. మొదట మొజాంబిక్‌లో ఐసీవీఎల్ కొన్న బెంగా గని సంగతే తేల్చండి. 2014 నుంచి దానిలో మొత్తం ఎంత పెట్టారు, అక్కడి బొగ్గు ఎన్ని టన్నులు విశాఖ రేవుకు చేరింది, టన్నుకు దారి ఖర్చు ఎంత పడింది? అర్జెంటీనాలో తోడడం మొదలుపెట్టేలోగా ఈ మూడు అంకెలూ మామూలు పాఠకుడికి అర్థమయ్యేట్టు బయటపెట్టాలి.