దురద తగ్గితే తామర తగ్గినట్టేనా? అన్నదమ్ముల వాదం

(తమ్ముడికి గజ్జల్లో తామర, అంటే ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి. స్నేహితుడి దగ్గర మిగిలిన స్టెరాయిడ్ క్రీమ్ రాసుకుంటున్నాడు. అన్న వద్దంటున్నాడు.)

తమ్ముడు: రెండు రోజుల్లో దురద పోయింది, ఎరుపు తగ్గింది. మందు పనిచేసిందనడానికి ఇంకేం కావాలన్నయ్యా?

అన్న: పనిచేసింది నీ ఒంటి మీదరా, ఫంగస్ మీద కాదు. ఫంగస్‌ని తరిమేయాలని ఒళ్లు పోరాడితేనే ఎరుపూ దురదా వస్తాయి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణిచేస్తుంది. ఇక ఫంగస్‌కి అడ్డేముంది? మచ్చ చుట్టూ ఉండే అంచు చెరిగిపోయి పాకుతూ పోతుంది. తర్వాత డాక్టరు చూసినా ఇది తామరేనని పోల్చుకోవడం కష్టం.

తమ్ముడు: ఎగ్జిమాకి, సోరియాసిస్‌కి డాక్టర్లు రాసేది ఇదేగా! స్టెరాయిడ్ అనగానే హడలిపోయి, ఎగ్జిమా ఉన్న పిల్లల్ని రాత్రంతా గోక్కోనిచ్చే తల్లిదండ్రులు లేరా?

అన్న: ఉన్నారు. ఆ భయమూ తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఎగ్జిమాలో ఒళ్లే అతిగా స్పందిస్తుంది, తామరలో బయటి జీవి వచ్చి చేరుతుంది. మచ్చ అంచున పొట్టు కాస్త గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ ఉందో లేదో తేలుతుంది. ఆ చిన్న పరీక్షయినా లేకుండా ఎవరి క్రీమో ఎందుకు రాసుకోవడం?

తమ్ముడు: వారం రాస్తే ఏం కొంప మునుగుతుంది?

అన్న: ఎక్కడ రాస్తున్నావో చూసుకో. చర్మం పైపొర కనురెప్ప మీద సుమారు 0.05 మిల్లీమీటర్లే, అరికాలి మీద 1.5 దాకా ఉంటుంది. గజ్జల్లో చర్మం పలచన, పైగా మడత, చెమట. ముంజేతి కన్నా అక్కడ మందు ఎన్నో రెట్లు ఎక్కువ ఇంకుతుంది. వారంతో ఆగుతావా మరి? మానగానే దురద తిరగబెడుతుంది, మళ్లీ రాస్తావు. నెలల తరబడి అలా సాగితే చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు.

తమ్ముడు: సరే, ఫంగస్ క్రీమే రాస్తాను. అంతేగా?

అన్న: నీ కాలి బొటనవేలి గోరు సంగతేంటి? పసుపుపచ్చగా, మందంగా, పొడిపొడిగా రాలుతోంది.

తమ్ముడు: బూటు ఒత్తుకుని అలా అయింది. నొప్పి కూడా లేదు.

అన్న: బూటు వల్లా కావచ్చు, సోరియాసిస్‌లోనూ గోళ్లు అలాగే అవుతాయి. కానీ తామర ఫంగస్ బతికేదే కెరటిన్ తిని. చర్మం పైపొరలో, వెంట్రుకలో, గోరులో ఉండేది అదే. పాదాల్లో ఫంగస్ ఉంటే లోదుస్తులు తొడుక్కునేటప్పుడు గజ్జలకు అంటుకుంటుంది. ముందు సాక్సులు వేసుకుని తర్వాత అవి తొడుక్కోమనేది అందుకే.

తమ్ముడు: గోరుకీ క్రీమేనా?

అన్న: గోరులోకి మామూలు క్రీమ్ సరిగా దిగదు. పరీక్షలో ఫంగసని తేలితే చాలాసార్లు మాత్రలే, కాలి గోరుకి టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు అయితే మామూలుగా 12 వారాలు. కాలేయం పరీక్ష చూసి మరీ ఇస్తారు.

తమ్ముడు: మూడు నెలలా! గోరు కోసం?

అన్న: మాత్రలు అయ్యాక కూడా బొటనవేలి గోరు మొత్తం కొత్తగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. దాన్ని వదిలేస్తే గజ్జల్లో తగ్గిందే మళ్లీ రావచ్చు. రేపు డాక్టరుకి రెండూ చూపించు. ఈ ట్యూబు కూడా పట్టుకెళ్లు, రాసుకున్న సంగతి దాచకు.