బాన్ఫ్‌లో స్కీయింగ్‌కు మార్చి మేలు

కొత్తగా స్కీయింగ్ నేర్చుకునేవారు కెనడాలోని కొండ ఊరు బాన్ఫ్‌కు క్రిస్మస్ సెలవుల్లోనే వెళ్లాలని ఒక వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త సలహాతో నేను ఏకీభవించలేను. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. దగ్గర్లోని లేక్ లూయీస్ స్కీ కేంద్రంలో చైర్‌లిఫ్ట్ (కొండపైకి చేర్చే, తీగకు వేలాడే కుర్చీ) మీద ఎదురుగాలికి పైకి వెళ్తుంటే, మన ఊపిరి తడికే మఫ్లరు గడ్డకట్టి గడ్డానికి గరుకుగా రాసుకుంటుంది. పైగా సాయంత్రం అయిదింటికే వెలుతురు తగ్గిపోతుంది. మార్చిలోనైతే పగటి పొద్దు పెరుగుతుంది, మంచుకూ కొదవుండదు. ఎత్తయిన చోట ఉన్న మరో స్కీ కేంద్రం సన్‌షైన్ విలేజ్‌లో సీజన్ మామూలుగా మే నెల దాకా సాగుతుంది. ఆ వ్యాసంలో కనిపించని సంగతి ఇంకొకటుంది: చలికి భయపడి (మనవాళ్లకు ఇది అలవాటే) స్కీ బూట్లలో రెండు జతల సాక్సులు తొడిగితే, బిగువుకు రక్తప్రసరణ తగ్గి పాదాలు మరింత త్వరగా చల్లబడతాయి, కనుక పలుచని ఉన్ని సాక్సులు ఒక్క జత చాలు.