ఎంపీ లెటర్‌తో అమెరికా వీసా రాదు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అమెరికాలో ఇమిగ్రేషన్ పని ఎక్కడ ఆగినా అక్కడి కాంగ్రెస్ (మన పార్లమెంటు లాంటిది) సభ్యుడు చట్టప్రకారం సాయం చేసి తీరాలట, చెయ్యకపోతే ఆయన మీద కేసు వెయ్యొచ్చట. అక్కడ ఓటు లేనివాళ్లను మాత్రం పట్టించుకోరట. ఇక్కడ మన ఎంపీ లెటర్ తీసుకెళ్తే చెన్నై కాన్సులేట్‌లో వీసా ఆపరట. ఇందులో ఏదీ నిజం కాదు. పిల్లల వీసా సంగతి తేలక టెన్షన్‌తో నలిగిపోతున్న ఇళ్లకు ఇలాంటివి పంపడం అన్యాయం.

ముందు "చేసి తీరాలి" అన్న మాట చూద్దాం. అలాంటి చట్టమే లేదు. ప్రభుత్వానికి మొరపెట్టుకునే హక్కును అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ ఇచ్చింది. అయితే ఆ మొర విని జవాబు చెప్పాల్సిన బాధ్యత అందులో లేదని అక్కడి సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది. అయినా వాళ్ల ఆఫీసులు సాయం చేస్తాయి. ఇలాంటి పనులు చూడటానికే అక్కడ సిబ్బంది ఉంటారు, పైసా తీసుకోరు. ఇది ఏళ్లుగా వస్తున్న ఆనవాయితీ, రేపు మళ్లీ గెలవాల్సిన వాళ్లు చేసే పని. చట్టమే లేనప్పుడు ఇక కేసెక్కడిది? ఫైలు ఏళ్ల తరబడి కదలకపోతే ఇమిగ్రేషన్ శాఖ మీద ఫెడరల్ కోర్టుకు వెళ్లొచ్చు, అది లాయరు చూసుకునే సంగతి.

ఓటు లేకపోతే పట్టించుకోరన్న మాట అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలు అది నమ్మితే అసలు అడగడమే మానేస్తారు. మామూలుగా ఆ ఆఫీసులు చూసేది నివాసం తమ నియోజకవర్గంలో ఉందా లేదా అని. రాష్ట్రాలకు సీట్లు పంచేటప్పుడు కూడా ఓటర్లనే కాదు, అక్కడ ఉంటున్న మనుషులందరినీ లెక్కేస్తారు. రాష్ట్రాల్లో ఉండే ప్రతి ఒక్కరికీ దిగువసభలో ఒక సభ్యుడు, ఎగువసభలో ఇద్దరు సెనేటర్లు ఉంటారు. ముగ్గురికీ ఒకేసారి రాయకుండా, ఒక ఆఫీసునే పట్టుకోవడం మంచిది.

అడగడానికీ ఒక పద్ధతి ఉంది. నా వివరాలు ఈ ఆఫీసుకు చెప్పొచ్చని ఒప్పుకునే ప్రైవసీ రిలీజ్ ఫారం అని ఆ సభ్యుడి వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. సంతకం చేసిన ఆ ఫారం లేనిదే కేసు వివరాలు ఇమిగ్రేషన్ శాఖ బయటపెట్టదు. అందులో దరఖాస్తు అందిందని శాఖ పంపే ఐ-797 నోటీసు మీదుండే రసీదు నంబరు రాయాలి: మూడు అక్షరాలు, పది అంకెలు. సంతకం ఎవరిదన్నది ఇంకా ముఖ్యం. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డ్ కోసం వేసే ఐ-140 లాంటిది కంపెనీ వేసిన పిటిషన్ కాబట్టి కంపెనీ సంతకం కూడా అడగొచ్చు. బెంగళూరు నుంచి నాన్నగారు ఎంత వివరంగా ఈమెయిల్ రాసినా ఆ సంతకానికి సరిపోదు.

ఇంత చేసినా ఆ ఆఫీసు చేయగలిగేది ఫైలు ఎక్కడుందో కనుక్కోవడం, పొరపాటు ఉంటే చూపించడం, అత్యవసరమైతే ఆధారాలు జతచేసి త్వరగా చూడమని కోరడం. నిర్ణయం శాఖదే. గ్రీన్‌కార్డ్ క్యూ అయితే అసలు కదపలేరు. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల కోటా ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్న పరిమితి చట్టంలోనే ఉంది. దాన్ని మార్చాలంటే ఉభయసభలూ బిల్లు పాస్ చెయ్యాలి.

ఇక మన ఎంపీ లెటర్. చెన్నైలో జెమిని ఫ్లైఓవర్ దగ్గరి కాన్సులేట్‌లో కూర్చున్న అధికారి అమెరికా చట్టం ప్రకారం నడుచుకుంటారు. విజిటర్, స్టూడెంట్ వీసాలకు 214(బి) సెక్షన్ ఉంది. వచ్చినవాళ్లు అక్కడే ఉండిపోతారన్న అనుమానంతోనే అది మొదలవుతుంది, కాదని చూపించుకోవాల్సింది మనమే. వీసా దరఖాస్తు డీఎస్-160లో రాసిందీ కిటికీ దగ్గర చెప్పిందీ చూసే మనిషికి మన లోక్‌సభ సభ్యుడి సిఫారసు దేనికి పనికొస్తుంది? నిర్ణయం ఇంకా తేలలేదని 221(జి) స్లిప్ ఇస్తే అందులో అడిగిన కాగితాలు ఇవ్వండి. నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే అక్కడున్న అబ్బాయో అమ్మాయో తమ సభ్యుడి ఆఫీసు ద్వారా వాకబు చేయించవచ్చు.

అలాగని మన ఎంపీలతో పనే లేదనుకోకండి. పాస్‌పోర్టు ఆగినా, గల్ఫ్‌లో మనవాళ్లు చిక్కుకున్నా, అక్కడి నుంచి భౌతికకాయం రావాల్సి వచ్చినా వాళ్ల మాట నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే అవి మన విదేశాంగ శాఖ చేతిలోవి. బెంగళూరులో ఉంటున్నా మనలో చాలామంది ఓటు అనంతపురంలోనో చిత్తూరులోనో ఉంటుంది. ఇక్కడి ఎంపీనైనా, ఊరి ఎంపీనైనా అడగొచ్చు. విదేశంలో వచ్చిన కష్టమైతే ముందు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబరూ పాస్‌పోర్టు జిరాక్సూ పట్టుకెళ్లండి. లెటర్ ఇస్తే అది ఢిల్లీలోని విదేశాంగ శాఖ పేరు మీద ఉండేలా చూసుకోండి.