విదేశీ లా డిగ్రీతో తిరిగొచ్చాక...

విదేశాల్లో లా చదివే విద్యార్థుల గురించి ఒక వ్యాసం చదివాను. "బయట లా చదివి, తిరిగొచ్చి దేశానికి ఉపయోగపడతా" అని అందులో ఒక విద్యార్థి అన్న మాట బాగా నచ్చింది. కానీ మెడిసిన్ లాగా కాదు, చట్టం చాలావరకు ఏ దేశానిది ఆ దేశానిదే. కామన్ లా (పాత కోర్టు తీర్పులకు పెద్దపీట వేసే పద్ధతి) దేశంలో చదివి సివిల్ లా (ప్రధానంగా రాసిపెట్టిన చట్టసంహితల మీద నడిచే పద్ధతి) దేశానికి వెళ్తే చాలా సంగతులు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. పైగా చాలాచోట్ల ఇంకో పరీక్ష రాస్తే గానీ కోర్టులో నిలబడనివ్వరు.

అందుకే ఎల్ఎల్ఎం (లాలో పీజీ)లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తితో వివాదం తేల్చుకోవడం), దేశాల మధ్య పెట్టుబడి ఒప్పందాల లాంటివి తీసుకుంటే మేలు. విదేశీ మధ్యవర్తిత్వ తీర్పుల అమలుకు సంబంధించిన 1958 న్యూయార్క్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో 170కి పైగా దేశాలున్నాయి, ఆ చదువు ఎక్కడికెళ్లినా పనికొస్తుంది. విదేశీ కంపెనీ కేసు వేస్తే బయటి లాయర్ల కోసం పరిగెత్తే ప్రభుత్వాలకు కావాల్సింది ఇలాంటివాళ్లే. ఇక లోన్ టెన్షన్‌తో అక్కడే ఆగిపోయినవాళ్లను మాత్రం నేను తప్పుపట్టను.