క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన ఐదొందల వాట్ల వారికి

మహారాజశ్రీ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకు కరెంటు పంచే పవర్ సప్లై పెట్టె) గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ అంతా క్షేమం, ఆట మొదలుపెట్టనంత వరకు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో కట్టించుకున్నా, ఒంగోలు కర్నూలు రోడ్డులో కట్టించుకున్నా గేమింగు కంప్యూటరు లెక్క కాగితంలో మీ పేరు ఉండదు. గ్రాఫిక్స్ కార్డుకు ఒక గీత, ప్రాసెసరుకు ఒక గీత, రంగులు మార్చే ఫ్యాన్లకు కూడా ఒక గీత ఉంటుంది. మీరు మాత్రం చీర కొంటే ఇచ్చే సంచిలాగా క్యాబినెట్‌తో పాటే వచ్చేస్తారు. "ఐదొందల వాట్లు అబ్బయ్యా, ఏం గాదు, తీసకపో" అంటాడు కౌంటరు మీదాయన. నిజమే, మీ ఒంటి మీద 500 అని గోడ మీద పార్టీ గుర్తంత లావున రాసుంది.

దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక పట్టిక కూడా ఉంది. 3.3 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు, 5 వోల్టుల దగ్గర 20, 12 వోల్టుల దగ్గర 18. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు: 66, 100, 216. కంప్యూటరు ఆపి ఉన్నప్పుడూ అందే స్టాండ్‌బై కరెంటుకి ఇంకో పది. అన్నీ కూడినా 392. మిగతా 108 ఏం చేశారు సామీ, పెన్నలో కలిపారా?

సరే, ఆ 108 పోతే పోనీండి. ఇప్పటి ప్రాసెసరుగానీ గ్రాఫిక్స్ కార్డుగానీ తినేది 12 వోల్టుల తిండే. మిగతా రెండు గాదెల్లో ఎంత నింపుకున్నా వాటి నోటికి అందదు. ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకు 170 వాట్లు కావాలి. రైజెన్ 5 5600 ప్రాసెసరు పేరుకు 65 అయినా 76 దాకా లాగుతుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఓ యాభై. మొత్తం 296, దాదాపు అంతా 12 వోల్టుల మీదే. అంటే 24 ఆంపియర్ల పైమాట. మీ దగ్గరున్నవి పద్దెనిమిది. పద్దెనిమిది మందికి వండి ఇరవై నాలుగు విస్తళ్ళు వేశారు.

ఇది కూడా నిలకడగా లాగే లెక్కే. బండలాగుడు పోటీ చూసినవాళ్ళకు తెలుసు, బండ కదిలాక లాగడం వేరు, కదిలించే మొదటి ఊపు వేరు. ఆటలో ఒక్కసారిగా బాంబు పేలి పొగ కమ్మిందంటే, సెకనులో వెయ్యో వంతు కూడా లేని కాసేపు, గ్రాఫిక్స్ కార్డు తన లెక్కకు రెట్టింపు దాకా గుంజగలదు. అందుకే 2022లో వచ్చిన, సప్లైలకు కొలతలు చెప్పే ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, కొత్త 12 వోల్టుల కార్డు తీగ ఉండి 450 వాట్లు దాటిన సప్లై తన కెపాసిటీకి రెట్టింపు లాగుడును 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని రాశారు. మీరేమో పాలు మరవని దూడ. కొమ్ములకు రంగేసి ఒంగోలు గిత్తని అమ్మేశారు.

మీ 12 వోల్టులు 11.4కి దిగకూడదు, 12.6 దాటకూడదు. దిగితే స్క్రీను నల్లబడి, ఫ్యాన్లు ఓసారి ఆగి, కంప్యూటరు మళ్ళీ మొదటికొస్తుంది. లోపల జరిగినవన్నీ చూపించే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" అని పడుతుంది. అయినా మిమ్మల్ని అనుమానించేవాడు లేడు, అదీ మీ అదృష్టం. ర్యామ్ పీకి రబ్బరుతో రుద్దుతారు. విండోస్ మళ్ళీ వేయిస్తారు. డ్రైవర్లు మారుస్తారు. యూట్యూబు రోజంతా ఆడుతుంది, బరువైన ఆటలోనే పడిపోతుందంటే ముందు చూడాల్సింది మిమ్మల్ని. ఖాళీగా వేలాడే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టరులో పసుపు తీగకూ నల్ల తీగకూ మల్టీమీటరు పుల్లలు ఆనించి, ఆట నడుస్తుండగా అంకె చూడాలి. ఊరికే ఉన్నప్పుడు 12.1 ఉండి ఆటలో 11.3 అయితే ఇక సాక్షులు అక్కర్లేదు. మీ మూత మాత్రం విప్పకూడదు. ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటరు 300 వోల్టులకు పైగా పట్టుకుని కూర్చోగలదు. మీరు ఇంత గట్టిగా పట్టుకునేది అదొక్కటే.

కార్డుకు పెట్టే 8 పిన్నుల తీగ మీకు లేదు. దాని బదులు డిస్కులకిచ్చే సాటా తీగకు కన్వర్టరు తగిలిస్తారు. సాటా కనెక్టరు 12 వోల్టుల దగ్గర మోసేది 4.5 ఆంపియర్లు, 54 వాట్లు. 8 పిన్నులది 150 మోయాలి. కనెక్టరు మెత్తబడి మాడు వాసన వస్తే, ఇంట్లోవాళ్ళు చేపల పులుసు అడుగంటిందేమోనని వంటింట్లోకి పరిగెత్తుతారు. మీరు ఒంటరిగా పోయే రకమూ కాదు. ఓవర్ వోల్టేజీ కాపలా లేదు కాబట్టి మదర్‌బోర్డునూ ఎస్‌ఎస్‌డీనీ వెంటబెట్టుకుని పోతారు.

ఒక్క విషయంలో మీ మీద అభాండం వేశారు. క్యాబినెట్ ముట్టుకుంటే జుమ్మంటోందని మిమ్మల్ని తిడతారు గానీ, తప్పు ఎర్తుది. మీ ఫిల్టరు కెపాసిటర్ల నుంచి రేకు మీదికి కాస్త కరెంటు రావడం మామూలే, అది నేలలోకి పోవాలి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టరు తగిలించి, సముద్రం ఒడ్డు ఇసుక నేలలో ఎండాకాలమంతా ఎర్తు గుంతలో చెంబెడు నీళ్ళైనా పోయకపోతే అది ఎక్కడికని పోతుంది?

మీ స్థానంలోకి వచ్చేవారు 550 వాట్లవారు, 12 వోల్టుల గడిలో 45 ఆంపియర్లు కనపడ్డాకే కొంటున్నాం. 80 ప్లస్ బ్రాంజ్ బిళ్ళ ఉంది గానీ, అది చెప్పేది కరెంటు పొదుపు గురించే, గట్టిదనం గురించి కాదు. సగం లోడులో, గోడ నుంచి లాగినదాంట్లో 85 శాతం లోపలికి చేరుతుంది, అంటే లోపల 300 వాట్లు వాడితే గోడ నుంచి 353 లాగుతుంది. దీనికి మానిటరు కలిస్తే, 600 వీఏ అని రాసుకుని 360 వాట్లే ఇచ్చే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. ఆయన మీకు మేనమామ వరసేమో. వెయ్యి వీఏది, 600 వాట్లది తెస్తున్నాం. తీగలు ఊడదీసే మాడ్యులర్ సప్లై అయితే పాత తీగలు కొత్తదానికి పెట్టకూడదు. చివరి పిన్నులు ఒకటే అయినా సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకో తీరు.

మీకు కొలువు చూశాం. బియ్యం కొట్లో బిల్లులు కొట్టే కంప్యూటరు, గ్రాఫిక్స్ కార్డు లేదు, అరవై వాట్లు దాటదు. అక్కడ మీరే గిత్త.

ఇట్లు,
24 ఆంపియర్ల కోసం కాచుకుని ఉన్నవారు.

తా.క.: అక్కడ దిగగానే మీ వెనకున్న ఎర్ర స్విచ్చి 230 మీదే ఉందో లేదో ఎవరితోనైనా చూపించుకోండి. 115 మీద ఉండి ప్లగ్గు పెట్టారంటే, మీరు వచ్చిన సంగతి బజారుకంతా వినపడుతుంది.